11 గుడ్లు తీస్తే 2 బ్లాస్టోసిస్టులే: మిగతావి ఎక్కడ, ఎందుకు ఆగిపోతాయి?

భీమవరం_కౌన్సెలర్:

ఐవీఎఫ్ సెంటర్లలో జంటలకి ఎంబ్రియాలజీ షీటు (గుడ్లు, పిండాలు ఏ రోజు ఎలా ఉన్నాయో ల్యాబ్ రాసిచ్చే కాగితం) చదివి చెప్పే పనిలో ఉన్నవాళ్లందరి తరఫునా అడుగుతున్నానండి. షీటు మీద అంకెలు ఉంటాయి, కారణాలు ఉండవు. నమూనాకి ఒకటి చూడండి. ఆవిడ వయసు 34, ఏఎంహెచ్ (గుడ్ల నిల్వ చెప్పే రక్తపరీక్ష) బాగానే ఉంది. స్కాన్‌లో 14 ఫాలికల్స్ (గుడ్డు పెరిగే నీటి సంచులు), పికప్‌లో (సూదితో బయటికి తీసినప్పుడు) వచ్చినవి 11 గుడ్లు. అందులో ఎం-టూ (పండినవి) 8, ఎం-వన్ (సగం పండినది) 1, జీవీ (పచ్చివి) 2. ఇక్సీ (ఒక్కో గుడ్డులోకి ఒక్కో వీర్యకణాన్ని సూదితో పెట్టడం) చేశాక మర్నాడు టూ పీఎన్ (రెండు కేంద్రకాలు కనపడేవి, సవ్యంగా ఫలదీకరణ అయినవి) 6, త్రీ పీఎన్ (మూడు కేంద్రకాలది) 1, ఫలదీకరణ కానిది 1. మూడో రోజుకి 5 బాగున్నాయి. ఐదో రోజుకి బ్లాస్టోసిస్టులు (ఐదో రోజు దశకి చేరిన పిండాలు) 2.

పాలకొల్లు నుంచి వచ్చినా తణుకు నుంచి వచ్చినా జంట అడిగేది ఒకటే: "పదకొండు తీసి రెండేనా? ల్యాబ్‌లో పాడుచేశారా, గుడ్డుకి బలం లేదా?" పక్కన అత్తగారు కూడా ఉంటే ఆ రెండో మాట కోడలి మీద ముద్రయి కూర్చుంటుంది. ఒక్కో మెట్టు దగ్గర అసలు ఏం జరిగి ఆగుతుంది? ఆగిన రోజును బట్టి గుడ్డు వల్లా, వీర్యం వల్లా, ల్యాబ్ వల్లా అన్నది చెప్పొచ్చా? ఎన్ని పోతే మామూలు, ఎప్పుడు అనుమానించాలి? "టెన్షన్ పడకండి, అంతా దేవుడి దయ" అనే జవాబు మాత్రం వద్దండి. అది మేమూ చెప్తూనే ఉన్నాం.

పెట్రీడిష్:

ముందు ఆ షీటు సంగతి. అందులో గుండెలు బాదుకోవాల్సింది ఏమీ లేదండి. వియన్నాలో ఎంబ్రియాలజిస్టులు కూర్చుని ల్యాబ్‌ల పనితీరుకి పెట్టిన కొలతలు 2017లో అచ్చయ్యాయి. తీసిన గుడ్లలో 75 నుంచి 90 శాతం ఎం-టూ ఉండాలి. ఇక్సీ చేసినవాటిలో కనీసం 65 శాతం, మంచి ల్యాబ్ అయితే 80 శాతం సవ్యంగా ఫలదీకరణ చెందాలి. అలా చెందినవాటిలో ఐదో రోజుకి కనీసం 40, బాగుంటే 60 శాతం బ్లాస్టోసిస్టులు కావాలి. మీ షీటులో ఇవి 73, 75, 33. చివరిది తక్కువే, కానీ ఆ ఆరింటిలో ఇంకొక్కటి నిలబడి ఉంటే 50 అయిపోయేది. ఆ కొలతలు నెలల తరబడి చేసిన కేసులన్నిటికీ కలిపి చూడాల్సినవి, ఒక్క జంటకి అంటగట్టాల్సినవి కావు. పై కనీస కొలతలతో 11 గుడ్లకి లెక్క వేసి చూడండి, వచ్చేది రెండే. అన్నీ గొప్పగా జరిగినా ఐదు చేరదు. జంటకి ఈ లెక్క పికప్‌కి ముందే కాగితం మీద వేసి చూపిస్తే తర్వాత సగం గొడవ ఉండదు.

ఇక ఒక్కో మెట్టు. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే తన గుడ్లన్నీ తయారై, మియోసిస్ (క్రోమోజోములను సగం చేసే ప్రక్రియ) మొదటి విభజన మధ్యలో ఆగిపోయి ఉంటాయి. కేంద్రకం ఇంకా కనపడుతూ ఉంటే అదే జీవీ. ఎల్‌హెచ్ హార్మోను గానీ, దాని బదులు ఇచ్చే ట్రిగ్గర్ ఇంజెక్షన్ గానీ తగిలాకే కదలిక వస్తుంది. కేంద్రకం కరుగుతుంది, అది ఎం-వన్. తర్వాత సగం క్రోమోజోముల్ని చిన్న బుడగలా బయటికి నెట్టేస్తుంది. ఆ బుడగ, అంటే మొదటి పోలార్ బాడీ, కనపడితేనే ఎం-టూ. ఇక్సీకి పనికొచ్చేది అదొక్కటే. 12 మిల్లీమీటర్ల లోపు ఫాలికల్ నుంచి వచ్చే గుడ్డు చాలాసార్లు పచ్చిదే. కాబట్టి స్కాన్‌లో లెక్కపెట్టిన ఫాలికల్స్ అన్నిటినీ గుడ్లుగా ఊహించుకోనివ్వకండి.

అసలు దెబ్బ తగిలేది ఈ క్రోమోజోముల పంపకం దగ్గరే. పంచిపెట్టే దారాల అమరికను స్పిండిల్ అంటారు. ఎలుక గుడ్డులో అది మూడు నుంచి ఐదు గంటల్లో అమరుతుంది. మనిషి గుడ్డులో దాదాపు 16 గంటలు పడుతుంది, అమరాక కూడా నిలకడ తక్కువ. దీనికి తోడు క్రోమోజోములను జతగా పట్టి ఉంచే కోహెసిన్ అనే ప్రోటీను ఆవిడ పుట్టకముందు వేసిందే, మళ్లీ కొత్తది వేయడం అంటూ ఉండదు. పాతికేళ్లప్పుడు గట్టిగా ఉన్న పట్టు నలభైకి సడలుతుంది. జతలు వేళకి ముందే విడిపోయి అడ్డదిడ్డంగా వెళ్తాయి. 35 లోపు వారి ఎంబ్రియోల్లోనే (పిండాల్లోనే) సుమారు మూడో వంతులో క్రోమోజోముల లెక్క తప్పుతుంది. 42 దగ్గరికి వచ్చేసరికి నాలుగింట మూడు అలాంటివే. ఏఎంహెచ్ గుడ్లు ఎన్ని మిగిలాయో చెప్తుంది తప్ప ఈ పట్టు సంగతి చెప్పదు. "ఏఎంహెచ్ బాగుందన్నారు కదా" అని నిలదీసేవాళ్లకి ఇదే జవాబు.

ఆ త్రీ పీఎన్ గుడ్డు గురించి జనం రెండు వీర్యకణాలు దూరాయి అనుకుంటారు. మామూలు ఐవీఎఫ్‌లో అయితే నిజమే కావచ్చు. ఇక్సీలో సూదితో పెట్టేది ఒక్కటే కణం కాబట్టి ఆ మూడోది గుడ్డుదే. రెండో పోలార్ బాడీని బయటికి నెట్టలేక లోపలే ఉంచేసుకుంది. ఇంకో చిన్న విషయం: పీఎన్‌లు చూడాల్సింది 16 నుంచి 18 గంటల మధ్య. తాపీగా మధ్యాహ్నం చూస్తే అవి కలిసి మాయమైపోయి ఉంటాయి, షీటులో "ఫలదీకరణ కాలేదు" అని పడుతుంది.

మూడో రోజు దాకా ఎంబ్రియో బతికేది గుడ్డులో ముందే దాచిన సరుకు మీదే: ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్లు, మైటోకాండ్రియా. మండెకట్టిన వడ్లు మొలకెత్తడానికి చేను అక్కర్లేదు, గింజలోని పిండే చాలు. వేరు దిగాకే నేల సంగతి బయటపడుతుంది. మనిషి ఎంబ్రియోలో సొంత జన్యువులు పనిలోకి దిగేది 4 కణాలకీ 8 కణాలకీ మధ్య, ఇది 1988 నుంచి తెలిసిందే. అందుకని 2-4 కణాల దగ్గర ఆగితే చూపు గుడ్డు సరుకు మీదికి, మొదటి విభజనల మీదికి వెళ్లాలి. 8 కణాలు దాటి, మొరులా (కణాలన్నీ ముద్దగా అతుక్కున్న దశ) కాకుండా ఆగితే క్రోమోజోములూ వీర్యం డీఎన్‌ఏ కూడా లెక్కలోకి వస్తాయి. ఇది గోడ కట్టి విడదీసినంత ఖచ్చితం కాదు, ఎటు వెతకాలో చెప్పే దారి మాత్రమే.

అన్నీ వయసు మీదికి నెట్టకండి. మొదటి రెండు మూడు విభజనల్లో తప్పు జరిగితే పట్టి ఆపే కాపలా ఎంబ్రియోలో బలహీనం. ఒక కణం రెండుగా కాకుండా ఒకేసారి మూడుగా చీలడం, ఒక్కో కణంలో రెండేసి కేంద్రకాలు కనపడడం పాతికేళ్ల ఆవిడ ఎంబ్రియోల్లోనూ ఉంటాయి. అలాంటివి ఎక్కువగా మధ్యలోనే ఆగిపోతాయి. అలాగే ఐదో రోజుకి వచ్చిందంటే అంతా సవ్యమే అని కూడా హామీ ఇవ్వకండి. 21వ క్రోమోజోము ఒకటి ఎక్కువున్న ఎంబ్రియో కూడా చక్కటి బ్లాస్టోసిస్టు అవుతుంది.

వీర్యపరీక్ష_కాకినాడ:

మగవాళ్ల వైపు నుంచి కొంచెం కలుపుతాను, ఎందుకంటే షీటులో వీర్యం గురించి "కౌంటు నార్మల్" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు.

ఇక్సీ చేసినా ఫలదీకరణ కాని ఆ ఒక్క గుడ్డు తీసుకోండి. అలాంటివాటిలో చాలాసార్లు వీర్యకణం లోపలే ఉంటుంది, గుడ్డే మేలుకోదు. మేలుకొలిపేది వీర్యకణం తెచ్చే పీఎల్‌సీ-జీటా అనే ఎంజైము. అది గుడ్డులో కాల్షియాన్ని అలలు అలలుగా లేపితేనే మియోసిస్ పూర్తవుతుంది. ఎనిమిదిలో ఒకటి మేలుకోకపోతే పట్టించుకోనక్కర్లేదు. పక్వమైన గుడ్లు బోలెడు ఉండీ అన్నీ లేదా దాదాపు అన్నీ మేలుకోకపోతే మాత్రం వచ్చే సైకిల్‌లో (మరోసారి చేసే ఐవీఎఫ్‌లో) గుడ్డులో కాల్షియాన్ని పెంచే కాల్షియం అయానోఫోర్ అనే ద్రావణం గురించి అడగాలి. ఇక్సీ అయ్యాక గుడ్లను ఆ ద్రావణంలో 10-15 నిమిషాలు ఉంచి కడుగుతారు. తలలు గుండ్రంగా ఉండి పైన టోపీ లాంటి అక్రోసోమ్ లేని వీర్యకణాలున్నవాళ్లకి ఇది బాగా అక్కరకొస్తుంది. ఫలదీకరణ మామూలుగానే జరుగుతున్నవాళ్లకి "ఎందుకైనా మంచిది" అని వాడడం అర్థం లేని పని.

మొదటి విభజనకి కావాల్సిన సెంట్రియోల్ కూడా మనుషుల్లో వీర్యకణమే తెస్తుంది. కాబట్టి మొదటి రోజుల్లో ఆగినవన్నీ గుడ్డు ఖాతాలోనే వేయడం తప్పు.

డీఎన్‌ఏ తునకలవడం సంగతి వేరు. కొంత నష్టాన్ని గుడ్డే బాగుచేసుకుంటుంది, వయసు చిన్నదైతే ఇంకా బాగా చేస్తుంది. మోతాదు మించితే మూడో రోజు దాకా అందంగా పెరిగి ఆ తర్వాత వరసగా ఆగిపోతాయి. రెండు సైకిళ్లలో ఇదే తీరు కనపడితే డీఎన్‌ఏ ఫ్రాగ్మెంటేషన్ పరీక్ష చేయించడం న్యాయం. వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది. అంటే ఈ రోజు జాగ్రత్త పడితే ఫలితం మూడు నెలల తర్వాత కనపడేది. గట్టి జ్వరం వచ్చిన నెలలో ఇచ్చిన శాంపిల్, వేరికోసీల్ (వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం), చుట్ట, గుట్కా, చేలో మందు కొట్టేటప్పుడు మాస్కూ చేతి తొడుగులూ లేకపోవడం, ఇవన్నీ ముందే అడిగి రాసుకోండి. శాంపిల్‌కి ముందు వారం పదిరోజులు దాచిపెట్టుకుంటే బలం పెరుగుతుందని మన వైపు గట్టి నమ్మకం. నిల్వ ఎక్కువైతే తునకలు పెరుగుతాయి. రెండు మూడు రోజులు చాలు.

భీమవరం_కౌన్సెలర్:

ఇద్దరికీ ధన్యవాదాలండి. రెండు సందేహాలు మిగిలాయి. ల్యాబ్ తప్పే అయితే అది ఎలా బయటపడుతుంది? ఇంట్లో ఇంజెక్షన్లు చేసుకునేవాళ్ల వైపు నుంచి ఏదైనా పొరపాటు జరిగి గుడ్లు పచ్చిగా వచ్చే అవకాశం ఉందా? కోనసీమ నుంచి వచ్చేవాళ్లు ఎక్కువమంది ఊళ్లోనే నర్సు చేతనో ఆర్‌ఎంపీ చేతనో చేయించుకుంటారు.

గోదారి_గైనిక్:

ఉంది, అందులోనూ ట్రిగ్గర్ దగ్గరే ఎక్కువ. ట్రిగ్గర్‌కీ పికప్‌కీ మధ్య 36 గంటలు ఉండాలి. బుధవారం పొద్దున 9కి పికప్ అయితే సోమవారం రాత్రి 9కి ఇంజెక్షన్ పడాలి. రాత్రి 9 అన్నది సీరియల్ అయ్యాక పదకొండున్నరకి పడితే రెండున్నర గంటలు పోయినట్టే, గుడ్లలో కొన్ని ఎం-వన్ దగ్గరే దొరుకుతాయి. అలాకాక ముందే వేసేస్తే పికప్‌కి ముందే ఫాలికల్స్ పగిలిపోయే భయం. సఖినేటిపల్లి రేవు అవతల ఉన్నవాళ్లకి రాత్రిపూట నరసాపురం రావడానికి పంటు (రేవు దాటించే పడవ) ఉంటుందో ఉండదో చూసుకోవాల్సిన పని పెట్టకండి. ఇంజెక్షన్ చేసే మనిషిని ముందురోజే మాట్లాడి ఉంచమనండి, వేసిన నిమిషాన్నే ఫోన్లో మెసేజ్ పెట్టమనండి. ఆలస్యమైందని భయపడి దాచకుండా చెప్తే పికప్‌ని అంతసేపు ఆలస్యం చేసుకోవచ్చు. దాచడమే నష్టం.

హెచ్‌సీజీ (ట్రిగ్గర్‌గా వాడే హార్మోను) 10,000 యూనిట్లు రాస్తే చాలా మందుల షాపుల్లో 5,000 వయల్స్ రెండు ఇస్తారు. ఒక వయల్‌లో 1 మిల్లీలీటరు నీరు ఎక్కించి కరిగించి, అదే ద్రావణాన్ని రెండో వయల్‌లోకి ఎక్కించి, మొత్తం ఒకే సూదిగా వేయాలి. ఒక వయల్ వేసి రెండోది ఫ్రిజ్‌లో పెట్టేసిన కేసులు ఉంటాయి. అలాంటప్పుడు ఫాలికల్స్ నిండుగా ఉన్నా కొందరిలో గుడ్లు అనుకున్నన్ని రాకపోవచ్చు. పనిచేసిందో లేదో చూసే తేలిక మార్గం ఒకటుంది: మర్నాడు పొద్దున ప్రెగ్నెన్సీ స్ట్రిప్ మీద మూత్రం వేస్తే రెండు గీతలు రావాలి. అది గర్భం కాదని, ఇంజెక్షన్ ఒంట్లోకి చేరిందనడానికి గుర్తని ముందే చెప్పండి, లేకపోతే ఇల్లంతా స్వీట్లు పంచుతారు. ఒక్క గీతే వస్తే వెంటనే సెంటర్‌కి ఫోన్ చేయాలి, పికప్ దాకా ఆగకూడదు. హెచ్‌సీజీ బదులు ఒంట్లోని ఎల్‌హెచ్‌నే విడుదల చేయించే ట్రిప్టోరెలిన్ లాంటి అగోనిస్ట్ ట్రిగ్గర్ వేస్తే స్ట్రిప్ పనికిరాదు, రక్తంలో ఎల్‌హెచ్ చూడాలి.

ఎఫ్‌ఎస్‌హెచ్ పెన్నులు (ఫాలికల్స్ పెంచే హార్మోను ఇంజెక్షన్లు) 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడకం మొదలుపెట్టాక 25 డిగ్రీల లోపు బయట ఉన్నా 28 రోజులు ఆగే రకాలు ఉన్నాయి గానీ, మే నెలలో రాజోలులో ఏ గది 25 డిగ్రీలుంటుంది? ఫ్రిజ్ తలుపు అరలోనే పెట్టమనండి, డీప్ ఫ్రీజర్ కింద వద్దు. తెచ్చేటప్పుడు ఐసుగడ్డ పెన్నుకి నేరుగా తగలకూడదు. గడ్డకట్టిన మందు మళ్లీ కరిగినా పనికిరాదు. మందు బలం తగ్గితే ఫాలికల్స్ పెరుగుదలే నీరసిస్తుంది. స్కాన్‌లో 17-18 మిల్లీమీటర్లు రెండు మూడు కనపడకుండానే తొందరపడి ట్రిగ్గర్ వేసినా గుడ్లు పచ్చిగా వస్తాయి. ఆ తప్పు ఇంటివాళ్లది కాదు, మాది.

పెట్రీడిష్:

ల్యాబ్ తప్పుకి పెద్ద గుర్తు: అది సాధారణంగా ఒక్క జంటనే పట్టుకోదు, ఆ వారం చేసినవాళ్లందరినీ పట్టుకుంటుంది. అదే వారం దాతల గుడ్లు, పాతికేళ్లవాళ్ల గుడ్లు కూడా మూడో రోజు దగ్గరే ఆగుతుంటే ఇంక్యుబేటర్ వైపు, కల్చర్ మీడియా (పిండాలు పెరిగే పోషక ద్రవం) బ్యాచ్ వైపు చూడాలి. మిగతా అందరివీ మామూలుగా వచ్చి ఒక్కరివే ఆగితే ల్యాబ్‌ని అనలేం.

చూసేవి ఏమిటంటే, ఉష్ణోగ్రత 37. గుడ్డు బయటికి వచ్చిన క్షణం నుంచీ ఇది కావాలి, ఫాలికల్ నీరు పట్టే ట్యూబు కూడా వేడి బ్లాకులోనే ఉండాలి. ఏసీ గదిలో బల్లమీద కొన్ని నిమిషాలు వదిలేసినా స్పిండిల్ విడిపోతుంది, మళ్లీ వేడి చేసినా పూర్తిగా కుదురుకోదు. మీడియా పీహెచ్ 7.2 నుంచి 7.4 మధ్య ఉండాలి, మన సముద్రమట్టం ఎత్తులో 6 శాతం చుట్టుపక్కల కార్బన్ డయాక్సైడ్ పెడితే అది నిలుస్తుంది. ఆక్సిజన్ 5 శాతం. గాలిలో ఉన్నట్టు 20 శాతం ఉంచితే బ్లాస్టోసిస్టులు తగ్గుతాయి. తేమ లేని ఇంక్యుబేటర్లలో మీడియా చుక్క నూనె కింద ఉన్నా కొద్దికొద్దిగా ఆవిరై ఉప్పు గాఢత పెరుగుతుంది. మూడో రోజు తర్వాత ఆగేవి ఎక్కువైతే దీన్ని చూడాలి. చుక్కలు వేసి నూనె పోయడానికి మధ్య ఆలస్యం చేసినా ఇదే జరుగుతుంది, ఫ్యాను కింద మరీను. కరెంటు పోయి జనరేటర్ అందుకునే దాకా యూపీఎస్ ఇంక్యుబేటర్లకి విడిగా ఉండాలి. గోడలకి రంగులు వేయించిన నెల, ఫినాయిల్ ఘాటు, ఇంకా చెప్పాలంటే వరండాలో దేవుడి పటం దగ్గర వెలిగించే అగరొత్తులు, ఇవన్నీ మీడియాలో కరిగే ఆవిర్లే.

ఇక్సీ సూదికి చచ్చిపోయే గుడ్లు 10 శాతం దాటకూడదు, మంచి చేతిలో 5 లోపే. మీ షీటులో అవి అసలు లేవు, అంటే చెయ్యి బాగుంది. ఆ రెండు బ్లాస్టోసిస్టులతో కథ ముగించకుండా ఐదో రోజు మొరులాగా ఉన్నవాటిని ఆరో రోజు కూడా చూశారా అని అడగండి. నెమ్మదిగా వచ్చేవి కొన్ని ఉంటాయి, వాటినీ ఫ్రీజ్ చేసి తర్వాత వాడుకోవచ్చు.

మేనరికం_జన్యువులు:

పైవాళ్లు చెప్పనిది ఒకటుంది. కొన్ని జంటల్లో గుడ్లన్నీ ప్రతిసారీ ఒకే మెట్టు దగ్గర ఆగుతాయి. మందు మార్చినా, సెంటర్ మార్చినా అదే మెట్టు. అప్పుడు ఒక్క జన్యువు మీద అనుమానం రావాలి, మేనరికం పెళ్లిళ్లు ఉన్న కుటుంబాల్లో మరీ. ఆవిడ అమ్మానాన్నలు మేనరికమా అన్నది ఇక్కడ ముఖ్యం, ఆవిడది మేనరికమా అన్నది కాదు. లోపం గుడ్డుదైతే అది ఆవిడకి రెండు వైపుల నుంచీ వచ్చి ఉండాలి. మన దగ్గర కేస్ షీట్లలో భార్యాభర్తల బంధుత్వమే అడిగి వదిలేస్తారు.

అన్నీ జీవీ దగ్గర ఆగితే పీఏటీఎల్-2 అనే జన్యువు. అన్నీ ఎం-వన్ దగ్గర ఆగితే టీయూబీబీ-8, ఇది 2016లో తెలిసింది. స్పిండిల్ దారాలకి ముడిసరుకు ఇచ్చే జన్యువు ఇది. దీనికి మేనరికం అవసరం లేదు, ఒక్క కాపీ చెడినా చాలు. తండ్రికి ఏ ఇబ్బందీ లేకుండానే కూతురికి రావచ్చు, ఎందుకంటే ఈ జన్యువు పని గుడ్డులోనే. ఎం-టూ బాగా వచ్చి, ఇక్సీ చేసినా ఒక్కటీ ఫలదీకరణ కాకపోతే వీర్యం వైపు కారణాలతో పాటు డబ్ల్యూఈఈ-2 చూడాలి. దీనికి అయానోఫోర్ పెద్దగా పనిచేయదు. ఫలదీకరణ అయ్యి 2-8 కణాల దగ్గర అన్నీ ఆగితే టీఎల్ఈ-6, పీఏడీఐ-6.

ఇవి అరుదు. మీ షీటుకి వీటితో సంబంధం లేదు, అందులో గుడ్లు అన్ని మెట్ల దగ్గరా కొన్ని కొన్ని ఆగాయి, రెండు చివరికి చేరాయి. రెండు సైకిళ్లలో ఒకే చోట మొత్తం ఆగినప్పుడే ఎక్సోమ్ పరీక్ష (జన్యువుల్లో లోపాలు వెతికే పరీక్ష) రాయించండి. జన్యులోపం తేలితే మూడోసారి, నాలుగోసారి అంటూ సొంత గుడ్లతో డబ్బు పోయించడం అన్యాయం. దాత గుడ్లు తీసుకోవాలంటే 2021 ఏఆర్‌టీ (ఐవీఎఫ్ లాంటి చికిత్సల) చట్టం ప్రకారం నమోదైన బ్యాంకు ద్వారానే రావాలి. దాత వయసు 23 నుంచి 35, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, 7 గుడ్లకి మించి తీయకూడదు. తీసుకునే ఆవిడ వయసు 50 లోపే ఉండాలి.

భీమవరం_కౌన్సెలర్:

చివరిగా ఒకటి. "గుడ్డు బలానికి" అని మందుల షాపులో వేలకి వేలు పోసి కొంటున్న మాత్రల గురించి?

గోదారి_గైనిక్:

సడలిపోయిన కోహెసిన్‌ని బిగించే మాత్ర ఇంతవరకు లేదండి. కోఎంజైమ్ క్యూ-10 హాని చేయదు, అంతకంటే భరోసా ఇవ్వలేను. డీహెచ్‌ఈఏ మగ హార్మోను వైపు వెళ్లే మందు, షాపువాడి సలహాతో మింగేది కాదు. పొగాకు మానడం వీటన్నిటికంటే నమ్మదగినది, అదీ ఇద్దరూ. ఫోలిక్ యాసిడ్ మాత్రం ఆపకండి, కానీ అది గుడ్డుకోసం కాదు, బిడ్డ వెన్నెముక సరిగ్గా మూసుకోవడం కోసం. దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి పెద్దగా ఉన్న యల్లాప్రగడ సుబ్బారావుగారు పుట్టింది మీ భీమవరంలోనే, అలా చెప్తే మాత్ర మానేవాళ్లు కూడా వేసుకుంటారు. మామూలు వాళ్లకి రోజుకి 400 మైక్రోగ్రాములు సరిపోతుంది. 5 మిల్లీగ్రాముల మాత్ర వెన్నెముక లోపంతో ముందు బిడ్డ పుట్టినవాళ్లకి, మూర్ఛ మందులు వాడేవాళ్లకి డాక్టరు రాసేది.